గోడ అవుతలి పాట

కూసో బిడ్డా. గట్ల కాళ్లు ఊపుకుంట కాదు, మంచిగ కూసో, చెవులు ఇటు పెట్టు. ఫోను గా కిటికీల పెట్టి పెన్ను తియ్యి. నేను ఎట్ల చెప్తే అట్లనే రాయాలె, నీ బడి పుస్తకం లెక్క దిద్దితే ఊకోను. ఏంది? మెల్లగ మాట్లాడాల్నా? బాపు ఇప్పుడే రాత్రి డ్యూటీ దిగి వచ్చిండు, పక్క అర్రల పండుకున్నడు అంటవా? నాకెరుకనే. పండుకున్నడు గని నిద్రవోలే. విను, మంచం కిర్రు కిర్రుమంటుంది. నేను గొంతు తగ్గియ్య. ఎందుకు తగ్గియ్యనో గదే ఇయ్యాల చెప్పేది. రాత్రి డ్యూటీ వారం వచ్చిందంటే నేను పొద్దుగాల మీ బాపు తలుపు కాడ నిలవడి పాడుతుంట, నువ్వు మూతికి చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వుతవు గద, గా నవ్వుకు జవాబు రాసుకో.

నిన్న ఏమైందంటే, కూరగాయలకు పోయి షేర్ ఆటోల వస్తున్న. ఇరికిచ్చి ఇరికిచ్చి కూసోవెట్టిండు, నా ఒళ్లె సొరకాయ. చౌరస్తా కాడ ఆటో ఆగింది. రోడ్డుకు అవుతల కాలేజి పొల్ల ఒకతె బస్సు కోసం నిలవడ్డది. నన్ను చూసింది. చూసి ఏం చేసిందో తెలుసా? ఇగో గిట్ల, పిడికిలి బిగించి నొసటి మీద పెట్టుకున్నది, టప్పున ఐదు వేళ్లు తెరిచింది. బొగ్గు బాయిల దిగేటోళ్ల టోపీ మీద లైటు వెలిగినట్టు! "ఆపు బిడ్డా, ఆపు ఆపు" అని డ్రైవర్ భుజం గుంజిన. "అవ్వా, ఎనుక బస్సోడు హారన్ కొడుతుండు, ఏడ ఆపాలె?" అని వాడు ఉరికిచ్చిండు. నేను గూడ పిడికిలి నొసట పెట్టి వేళ్లు తెరిచిన. సొరకాయ జారి పక్కామె కాలు మీద పడ్డది. ఆటోల ఉన్నోళ్లంత ముసల్దానికి ఏమో అయిందని చూసిండ్రు. చూడనియ్యి!

గా పొల్ల ఎవల బిడ్డనో తెల్వదు. పేరు తెల్వదు. కానీ టీచరమ్మ బడిల కూసున్న పొల్లనే. గీ దండం ఇంకెవలకూ రాదు.

టీచరమ్మ పేరు రాయాల్నా? వద్దు. ఆమెను ఎవలూ పేరు పెట్టి పిలువలే. మన పాత క్వార్టరు నీకు యాదికి లేదు. ఈ ముచ్చట జరిగినప్పుడు నువ్వు పుట్టనే లేదు, మీ అక్క నాలుగేండ్ల పొట్టిది. గోడకు గోడ ఆనుకొని ఒకటే లైను ఇండ్లు. నేను పోపు పెడితే పక్కింట్ల తుమ్ములు. మా పక్క క్వార్టరు ఖాళీగ ఉంటే అండ్ల చిన్నపోరలకు బడి పెట్టిండ్రు. మేము పండుకునే అర్ర గోడే బడి గోడ. ఒకటే గోడ, ఇటు మేము, అటు పోరలు. గా బడికి వచ్చింది ఈమె. కోస్తా దిక్కు మనిషి. మొగడు ఆఫీసుల క్లర్కు.

పోరలను "అండి" అనేది! నవ్వకు, నిజం. నాలుగేండ్ల పోరడు ముక్కు కార్చుకుంట వస్తే "రండి రండి" అనేది. "వానికి అండి ఏంది టీచరమ్మా, చెడ్డే నిలుస్తలేదు వానికి" అని నేనంటే, "పొద్దున పూట అందరూ పెద్దవాళ్ళేనండీ, మధ్యాహ్నానికి చిన్నపిల్లలైపోతారు" అనేది. సుద్దముక్కను కొప్పుల చెక్కుకునేది. తియ్యాలె, రాయాలె, మల్ల చెక్కాలె. ఇంటికి పోయే యాళ్లకు తల సగం తెల్లగయ్యేది. మీ అక్క వచ్చి చెప్పేది నాకు: "బాపమ్మా, మా టీచర్ పొద్దుగాల అక్క, పొద్దుమూకి అవ్వ."

ఇంకో రివాజు ఉండె ఆమెకు. బడి తలుపు బార్లా తెరిచే ఉండేది. అయినా పోరలు తలుపు కొట్టే లోపలికి రావాలె, ఒక్కొక్కరు. "ఎవరండీ?" అని లోపలి నుంచి అడిగేది, కండ్ల ముందల కనవడుతున్నా గూడ. "నేను!" అనాలె. గప్పుడు రెండు చేతులు చెంపలకు పెట్టుకొని, నోరు గింత తెరిచి, "అయ్యయ్యో, ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! రండి రండి!" నిన్న పొద్దుమూకనే చూసింది గద! అయినా రోజు గట్లనే, దూరం చుట్టం దిగినట్టే. ఒక పోరడైతే లోపలికి పోయి, దొంగచాటుగ బయటికొచ్చి, మల్ల కొట్టేటోడు. మల్ల గూడ గంతే సంబురం. "మళ్ళీ ఎన్నాళ్ళకెన్నాళ్ళకి!" నేను మా గడపల బియ్యం చెరుగుకుంట ఇదంత చూసేది. చెరిగిన బియ్యం మల్ల చెరిగేది, రాళ్లు మాత్రం అండ్లనే ఉండేటివి.

అందరు వచ్చినంక గుండ్రంగ నిలవడి పాట. ఆమెనే కట్టింది, మా పోరల కోసం. రాసుకో, ఒక్క మాట తప్పొద్దు:

తలుపు తలుపు తెరుచుకో
ఎండా ఎండా లోపలికి రా
ఎవలొచ్చిండ్రు? నేనొచ్చిన!
ఎవలు పైకొచ్చిండ్రు?

అని ఆగేది. ఎవల బాపు రాత్రి డ్యూటీ చేసి బాయిలకెల్లి వచ్చిండో గా పోరలు "మా బాపు పైకొచ్చిండు!" అని అరవాలె. పొద్దటి షిఫ్టుకు పోయినోళ్ల పోరలు "మా బాపు దిగిండు, చాయ్ యాళ్లకు వస్తడు!" అనాలె. మొదట్ల ఆమె "మా నాన్నగారు పైకొచ్చారు" అని నేర్పిందట. పోరలు ఒకలను చూసి ఒకలు కిలకిల. మీ అక్క లేచి "గా నాన్నగారు ఎవలు టీచర్? మాకు బాపే ఉన్నడు" అన్నదట. టీచరమ్మ నొసలు కొట్టుకొని, "అవునండీ, మీకు బాపే ఉన్నాడు" అని గప్పుడే పాట మార్చిందట. మా మాటను గట్ల పట్టుకున్నది. మేము ఆమె మాటకు నవ్వుతనే ఉంటిమి.

ఇగ అసలు ముచ్చటకు వస్తున్న. మీ బాపు గప్పుడే కొత్తగ బాయిల దిగిండు. రాత్రి డ్యూటీ అంటే రాత్రంత భూమి కింద. పొద్దుగాల పైకొచ్చి, తానం చేసి, కిటికీకి దుప్పటి కట్టుకొని పండుకోవాలె. లోకమంత లేచినప్పుడు వీళ్లు పండుకోవాలె. నిద్ర లేని మనిషిని బాయిల దింపితే కండ్లకు గంతలు కట్టి దింపినట్టే. మా లైనుల ఆడోళ్లం మొగోళ్ల నిద్రకు కావలి కాసేటోళ్లం, కోడిపిల్లలను గద్దకు అందకుంట కాసినట్టు.

గా వారం మీ బాపు కండ్లు మోదుగుపూలు. కునుకు మత్తుల నడుస్తుంటే కాలు పట్టాల మీది బొగ్గు టబ్బుకు తాకి బొటనవేలు గోరు ఊడింది. గోరే గద అంటవా? ఇయ్యాల గోరు, రేపేంది? నాకు అన్నం సయించలే. టీచరమ్మ రెండు దినాలు ఏదో పెండ్లికి పోయి తెల్లారి వచ్చింది. పోరలు మొకం వాచి ఉన్నరు గద, గా పొద్దు పాట లైను చివరి దాక వినవడ్డది. నేను తలుపు సందుల నుంచి కొడుకును చూసిన. గోడ అవుతల పాట, ఇవుతల వీడు మంచం మీద పండి, కండ్లు ఇంతింత తెరిచి, గోడ దిక్కు చూసుకుంట ఉన్నడు. అగో, దొరికింది దొంగ! కొంగు నడుముకు చెక్కిన, పోయిన.

నేను గడపల కాలు పెట్టిన్నో లేదో ఆమె చెంపలకు చేతులు పెట్టుకొని, "అయ్యయ్యో, ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! రండి రండి!" అన్నది. కొట్లాటకొచ్చిన మనిషిని గట్లంటే ఎట్ల బిడ్డా? కోపం సగం ఆడనే జారిపోయింది. మిగిలిన సగం పట్టుకొని అడిగిన.

"రెండ్రెండు ఇండ్లకు వినవడేటట్టు గా పాటేంది టీచరమ్మా? నా కొడుకు రాత్రంత బొగ్గుల ఉండి వచ్చిండు. నీ లొల్లికి కన్ను మూస్తలేడు. రేపు కింద వానికి ఏమన్న అయితే నువ్వు తెచ్చిస్తవా?"

ఆమె మొకం వాడిపోయింది. గోడ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.

"పాట మానేస్తే పిల్లలకి తెల్లారదండీ" అన్నది మెల్లగ.

"నా కొడుకుకు పొద్దుగూకుతలేదు మరి!" అన్న నేను.

కొప్పుల నుంచి సుద్దముక్క తీసింది, మల్ల చెక్కింది. "ఈ వారమంతా రాత్రి డ్యూటీయేనా అండీ?"

"వారమంత."

"సరే. అయితే వారమంతా ఆ గోడకి కూడా వినపడకుండా పాడతాం."

"వినవడకుంట పాడుడు ఏంది? నోట్ల వేలు పెట్టుకొని మాట్లాడినట్టు!"

"రేపు వచ్చి చూడండి. తలుపు మాత్రం కొట్టకండి" అన్నది, నవ్వుకుంట.

పోకుంట ఉంటనా? తెల్లారి కిటికీ కాడ నిలవడ్డ. అరె, ఏం చెప్పాలె బిడ్డా! పోరలు తలుపు కొడుతున్నరు గని చెయ్యి తలుపుకు తాకుతలేదు, గాలిల కొడుతున్నరు. ఆమె చెవి కాడ చెయ్యి పెట్టుకొని విన్నట్టు చేసుడు. "ఎన్నాళ్ళకెన్నాళ్ళకి" అని నోరు కదులుతుంది, చప్పుడు లేదు, చెంపల మీద చేతులు మాత్రం అవే. పాట షురూ అయింది. ఎండా ఎండా లోపలికి రా అంటే అందరు కలిసి ఎండను తాడు పట్టి గుంజినట్టు గుంజుతున్నరు. ఎవలు పైకొచ్చిండ్రు అన్న కాడ పిడికిలి నొసటికి, టప్! వేళ్లు తెరుచుకున్నయి. గా లైటు దండం గాడ పుట్టింది, నా కండ్ల ముందల. మీ అక్క చెంపలు బూరెల లెక్క ఉబ్బినయి, లోపల అరుపు ఆగుతలేదు దానికి. ఒకనికి ఎక్కిళ్లు వచ్చినయి. "హిక్" అన్నడో లేదో, అందరి చేతులు వాని మూతి మీదనే! వాడు ఊపిరాడక తన్నుకుంటుంటే టీచరమ్మ వచ్చి విడిపిచ్చింది. నాకు నవ్వు ఆగక కొంగు నోట్ల కుక్కుకొని ఇంటికి ఉరికిన.

ఇగ నేను ఊకుంటనా? బడే నోరు మూసుకున్నప్పుడు లైను మూసుకోదా? మేకను తరిమిన. ఐసు బండోనికి గంట కొట్టద్దన్న. ఎదురింటామె మిరపకాయలు దంచుతుంటే రోకలి గుంజుకొచ్చి మా ఇంట్ల పెట్టిన. "ఏందే, కాకులను గూడ నోరు మూసుకొమ్మంటవా?" అన్నది ఆమె. "అంటనే, నా మాట వింటే!" అన్న. లైనంత సల్లవడ్డది. ఆకు రాలితే వినవడేటట్టు చేసిన. చేసి, తలుపు సందుల చూసిన.

కండ్లు తెరుచుకొని ఉన్నడు. గోడ దిక్కు చూసుకుంట.

తెల్లారి గూడ గంతే. గా పొద్దుమూకి డ్యూటీకి తయారైతూ ఎడమ కాలు బూటు కుడి కాలుకు ఎక్కిచ్చి, ఎందుకు పడుతలేదని గుంజుతుండు. "ఇయ్యాల నాగా పెట్టు కొడకా, డ్యూటీకి పోకు" అన్న. "ఊకో అవ్వా, గివ్వన్ని ఉండేటియే" అని పోయిండు. వాడు వచ్చేదాక నాకు ఎట్లుంటదో నువ్వు పిల్ల తల్లివైతే గని తెల్వదు.

వచ్చిండు. పైకొచ్చిండు గని మనిషి నిలవడ్డ కాడనే ఊగుతుండు. తానం చేసి పండుకున్నడు. బడి యాళ్లయింది. గోడ అవుతల సప్పుడు లేని పాట నడుస్తుందని నాకు తెలుసు.

"అవ్వా" అన్నడు. "పోరలు బడికి వస్తలేరా?"

"ఎందుకు వస్తలేరు? అందరు వచ్చిండ్రు."

"మరి పాటేది?"

"నేనే ఆపిచ్చిన, నీ నిద్ర చెడుతుందని."

దిగ్గున లేచి కూసున్నడు. "నా నిద్రా? నీకెవలు చెప్పిండ్రే?"

"ఒకలు చెప్పుడేంది, నేను చూడలేదా? అటు పాట వస్తుంటే ఇటు నువ్వు కండ్లు తెరుచుకొని ఉంటివి!"

"పాట వస్తదనే తెరుచుకొని ఉంటినే అవ్వా!"

నాకు సమజ్ కాలే. వాడు గోడకు ఒరిగి చెప్పిండు. "బాయిల రాత్రంత చెవులతోనే పని. పైకప్పు ఏడ చిటుక్కుమంటదో, ఎప్పుడు ఉరకాలెనో అని వింటనే ఉంటం. సప్పుడు లేకుంటే ఇంకా ఎక్కువ వింటం. ఇంటికొచ్చి కిటికీకి దుప్పటి కడితే ఆడ చీకటే, ఈడ చీకటే. ఒళ్లు పండుకుంటది గని చెవులు బాయిలనే ఉంటయి. గోడ అవుతల మన పొట్టి 'మా బాపు పైకొచ్చిండు' అని అరుస్తదా, గప్పుడు, ఓహో నేను పైకొచ్చిన్నట అనుకుంట. కండ్లు వాటంతట అవే మూతవడతయి. టీచరమ్మ పెండ్లికి పోయిన రెండు దినాలు గూడ నాకు నిద్ర లేదు. మల్ల వచ్చి పాట షురూ చేసింది, నువ్వు మధ్యలనే పోయి ఆపితివి. పాట అయినంక ఒక్కసారన్న నన్ను చూస్తివా?"

ఎట్ల చూస్త? గా యాళ్లకు నేను కొంగు చెక్కుకొని కొట్లాటల ఉంటిని గద!

చెప్పులు లేవు, కొంగు లేదు, ఉరికిన. బడిల చేతుల పాట నడుస్తుంది. నన్ను చూసి టీచరమ్మ సప్పుడు లేకుంట చెంపలకు చేతులు పెట్టుకున్నది, ఎన్నాళ్ళకెన్నాళ్ళకి.

"చేతులతోని కాదు టీచరమ్మా, నోటితోని! జల్ది పాట పెట్టు!"

"మీరే కదండీ వద్దన్నారు?"

"మొన్న వద్దన్న, ఇయ్యాల కావాలంటున్న. మొన్నా నా కొడుకు కోసమే, ఇయ్యాలా నా కొడుకు కోసమే. పాడిపియ్యి తల్లీ!"

ఎందుకు, ఏమిటి అని ఒక్క మాట అడగలే ఆమె. కొప్పుల సుద్దముక్క జారి కిందపడ్డది, చూసుకోలే. మీ అక్క ముందల మోకాళ్ల మీద కూసొని, గట్టిగ, లైనంత వినవడేటట్టు అడిగింది: "అమ్మాయిగారూ! మీ ఇంట్ల ఎవలు పైకొచ్చిండ్రు?" మా మాట, మా తీరే, ఆమె నోట్ల! మీ అక్క నా దిక్కు చూసింది. గోడ దిక్కు చూసింది. బడాయి గద దానికి, ఊపిరి గుంజుకొని, భుజాలు లేపి,

"మా బాపు పైకొచ్చిండూ!"

రేకులు అదిరినయి. ఆపిచ్చి ఆపిచ్చి ఉన్న పోరలంత ఒక్కసారే పోపుల ఆవాల లెక్క చిటపట పేలిండ్రు. బాపు ఇంట్ల ఉన్నోళ్లు, బాపు దిగినోళ్లు, లెక్క లేదు, అందరు పైకొచ్చిండు పైకొచ్చిండు అని ఎగురుడే. ఎక్కిళ్ల పోరడు తలుపు కొట్టుడు, వద్దన్నోళ్లు లేరు, ధన్ ధన్! టీచరమ్మ గూడ ఎగిరింది. నేను గూడ ఎగిరిన, రాసుకో, నాకేం సిగ్గు!

మల్ల ఇంటికి ఉరికిన. తలుపు సందుల చూసిన. నోరు తెరుచుకొని, ఒక చెయ్యి మంచం కిందికి జారవిడిచి, గురక! గోడ పగిలేటట్టు పోరలు అరుస్తుంటే, ఇటు వాడు చంటిపిల్ల లెక్క నిద్ర. మేక వచ్చి గడపల మొత్తుకున్నా కదలలే. నేను రోకలి తీసుకపోయి ఎదురింటామె చేతుల పెట్టి "దంచుకో తల్లీ, ఎంత దంచుకుంటవో దంచుకో" అన్న. "దీనికి పిచ్చి పట్టింది" అన్నది ఆమె. పట్టింది మరి, సంబురం పిచ్చి!

మధ్యాహ్నం పోరలు బువ్వకు పోయినంక టీచరమ్మ మెల్లగ వచ్చింది. "ఒక్కసారి చూడొచ్చాండీ?" తలుపు సందుల నుంచి చూపిచ్చిన. చెంపలకు చేతులు పెట్టుకున్నది. కండ్లల్ల నీళ్లు, మూతి మీద నవ్వు. నా దిక్కు మర్లి, సప్పుడు చెయ్యకుంట, పిడికిలి నొసటికి పెట్టి వేళ్లు తెరిచింది. నాకు చేసిన మొదటి దండం గదే.

గప్పటి సంది పొద్దుగాల నోటి పాట. చేతుల పాటను గూడ పోరలు ఇడువలే, ఇంటికి పోయేటప్పుడు కావాలన్నరు. బడి విడిచినంక అందరు వరుసగ నిలవడి లైటు దండం పెట్టి పోయేటోళ్లు. నాకు గూడ పెట్టేటోళ్లు, నేను బియ్యం చెరుగుకుంట ఒక్కొక్కరికి తిరిగి పెట్టేది. నిన్నటి పొల్ల గా పోరలల్ల ఎవతెనో. లావు చెంపలదా? రోజు నా చాటల నుంచి బియ్యం బుక్కేదా? తేలుతలేదు, రాత్రంత తేలలే నాకు.

కొన్నేండ్లకు ఆమె మొగనికి బదిలీ అయింది. బస్టాండుకు పోయిన. సర్వపిండి చేసి ఇచ్చిన. పోరల కంటె ఎక్కువ ఆమెనే ఏడ్చింది. బస్సు కదిలినంక అద్దం ఎనుక నుంచి ఏమో అంటుంది, ఇంజను సప్పుడుకు వినవడుతలేదు. గప్పుడు నొసట పిడికిలి పెట్టింది. నేను గూడ పెట్టిన. సప్పుడు లేని పాట నేర్పింది గద, గదే మాకు పనికొచ్చింది. మల్ల చూడలే. తర్వాత ధర్నాలు, బందులు, తెలంగాణ వచ్చుడు, అన్ని అయినయి. ఏ ఊర్ల ఉన్నదో, ఎట్లున్నదో. యాడున్నా తలుపు మాత్రం బార్లా తెరిచే ఉంచుతది.

రాస్తున్నవా? చెయ్యి గుంజుతుందా? ఇంక గింతే. మేము గా క్వార్టరు విడిచి ఈడికి వచ్చినం. ఈడ గోడ అవుతల బడి లేదు, ఎవలిదో స్కూటరు ఉంటది. మీ అక్క పెద్ద బడికి పొద్దున్నే పోవుడాయె. నీకు ఇంకా మాటలే రాలేదు. మొదటి రాత్రి డ్యూటీ వారం వచ్చింది, మీ బాపు మంచం మీద అటు మర్లుడు, ఇటు మర్లుడు, ఇందాకటి లెక్కనే కిర్రు కిర్రు. ఎవలు పాడాలె? మీ అమ్మను పాడమంటే "నాకు సిగ్గు అత్తమ్మా" అని వంటింట్లకు ఉరికింది. ఇగ నేనే తలుపు కాడ నిలవడ్డ. మొదటి దినమే పాడిన, నలుగురు నవ్వుతరని ఫికర్ చెయ్యలే, ఇగో గిట్ల, తలుపు తలుపు తెరుచుకో, ఎండా ఎండా లోపలికి రా, ఎవలొచ్చిండ్రు? నేనొచ్చిన, ఎవలు పైకొచ్చిండ్రు? నా కొడుకు పైకొ...

"అత్తమ్మా, ఇగ సాలు! మంచం సప్పుడు ఆగి ఎంతసేపైంది, ఆయన గురక పెడుతుండు. రొట్టెలు సల్లగయితున్నయి, రాండ్రి, తిందురు!"